ఒడ్డున మిగిలిన గోడ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, భయం మాత్రం ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇముడుతాయని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఆయనకేం, పొద్దున్నే ఆదిభట్ల కంపెనీ బస్సు తీసుకొని పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. పగలంతా ఆ వంటింట్లో ఆమెతో ఉండేది నేను.

ఆమె అంటే మా కర్రీ పాయింట్‌లో పనిచేసే మనిషి. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక వీధిలో మాది చిన్న ఇల్లు. ముందు గది దుకాణం, వెనక రేకుల షెడ్డు వంటిల్లు. పప్పు, సాంబారు, రెండు కూరలు, ఒక వేపుడు రోజూ ఉంటాయి. ఆదివారం చేపల పులుసు. ఆ పులుసు కోసం తుర్కయాంజాల్ నుంచి కూడా బండ్ల మీద వస్తారు. అందులో నా గొప్ప కొంత ఉంది గానీ ఎక్కువ ఆమెదే.

తుర్కయాంజాల్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే పనికి కాకినాడ అవతలి పల్లెల నుంచి కొందరు కూలీలు వచ్చారు. ఆ గుంపులో వచ్చింది. ఇటుకలు మోసి మోసి నడుము పట్టేసింది. చేపలు కోసే మనిషి కావాలని నేను నలుగురికి చెప్పి ఉంచితే, ఆ నోటా ఈ నోటా విని ఒకరోజు మా గుమ్మంలో నిలబడింది. నలభై దాటిన మనిషి. చేతుల నిండా గాజులు, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. "పనుందని చెప్పేరండి" అంది. మా నోళ్ళలో ఈ 'అండి' అరుదు. మా అత్తమ్మ తన వెనక ఎవరైనా తహసీల్దారు నిలబడ్డాడేమోనని తిరిగి చూసింది.

కత్తిపీట ముందు కూర్చుంటే ఆమె చేపను చూడదు. చూపు ఎటో ఉంటుంది, చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. ఇంత దూరం ఎందుకొచ్చావని అడిగితే, సముద్రం చప్పుడు వినిపించని ఊరు వెతుక్కున్నానంది. మీ ఆయన ఏం చేస్తాడంటే, "వేటకెళ్ళేరండి" అంది. వాళ్ళ వైపు చేపలు పట్టడాన్ని వేట అంటారు. సరే, అక్కడ మొగుడు సముద్రం మీద సంపాదిస్తున్నాడు, ఇక్కడ ఈమె ఓ చెయ్యి వేస్తోంది అనుకున్నాను. పండగకు వస్తాడేమోనని కూడా చూశాను. దసరా పోయింది, ఉగాది పోయింది, మనిషి జాడ లేదు. చివరికి మా అత్తమ్మే, ఆవిడకు మొహమాటం అంటే ఏమిటో తెలియదు, వేటకు ఎప్పుడు పోయిండు బిడ్డా అని అడిగేసింది. ఆమె పొలుసు తీస్తూనే చెప్పింది. వాళ్ళ ఊరి మీదికి తుపాను వచ్చిన ఏడు వెళ్ళాడట. అంటే మా గుమ్మంలోకి ఆమె రావడానికి ఎన్నో ఏళ్ళ ముందు మాట.

ఆ రోజు సాంబారు అడుగంటింది.

మిగతా కథ ముక్కలు ముక్కలుగా చెప్పింది, అదీ అడిగితేనే. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటికీ సముద్రానికీ మధ్య కొబ్బరి తోట, తోట అవతల వలలు ఆరబెట్టే ఇసుక, ఆ ఇసుక అవతల కెరటం ఉండేవట. తెల్లవారకముందే పోయిన మగవాళ్ళు బారెడు పొద్దెక్కేసరికి ఒడ్డుకు వచ్చేవాళ్ళు. చేప దగ్గరలోనే దొరికేది. పోను పోను నీళ్ళు వేడెక్కాయి. మనం చెయ్యి పెడితే తెలిసే వేడి కాదు, చేపకు తెలిసే వేడి. చేప చల్లని నీళ్ళు వెతుక్కుంటూ లోతుకూ దూరానికీ పోయింది. దానికి తోడు పెద్ద పెద్ద మరపడవలు వచ్చి, కడుపుతో ఉన్నదా, పసిదా అని చూడకుండా ఊడ్చుకుపోయాయి. చిన్న పడవల వాళ్ళకు మిగిలింది దూరమే. తీరం కనిపించనంత దూరం పోయి, రాత్రుళ్ళు అక్కడే ఉండి, దొరికింది పట్టుకొని రావాలి. అట్లా పోయినవాడే ఆమె మొగుడు. ఆ ఏడు తుపాను రావలసిన నెలలో రాక, ఎవరూ ఎదురుచూడని నెలలో వచ్చింది. కొందరు తిరిగొచ్చారు. కొందరి శవాలొచ్చాయి. ఆయన రాలేదు, పడవ రాలేదు, పడవలోని నీళ్ళ డబ్బా కూడా ఒడ్డుకు కొట్టుకురాలేదు.

వెతకడానికి విమానం తిరిగిందట. మా నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్పే చోటు ఉంది. ఆ చిన్న విమానాలు ఒక్కోసారి మా ఊరి మీదికి కూడా వచ్చి తిరుగుతాయి. మాకు అవి ఈగల్లాంటివి, తలెత్తి చూడం. ఆమె మాత్రం ఆ చప్పుడు వినగానే కత్తిపీట వదిలేసి, చేతులు కడుక్కోకుండానే వెనక వాకిట్లోకి పోయి నిలబడేది. విమానం కనుమరుగయ్యేదాకా అక్కడే. మొదట్లో నేను గట్టిగానే తిట్టాను. గిరాకీ వేళ చేపలు సగం కోసి వదిలేస్తే ఎవరికైనా మండుతుంది. తర్వాత తిట్టడం మానేశాను. ఇంకొన్నాళ్ళకు, విమానం చప్పుడైతే నేనే పొయ్యి తగ్గించి ఆమె పక్కన పోయి నిలబడడం మొదలుపెట్టాను. ఏం చూద్దామని అంటే చెప్పలేను.

అసలు సంగతి గోడ.

సముద్రం మీద రోడ్లుండవు, మైలురాళ్ళుండవు. ఒడ్డుకు వచ్చే మనిషి దూరం నుంచి రెండు ఆనవాళ్ళు చూసుకుంటాడట. ఒకటి ముందు, ఒకటి వెనక. ఆ రెండూ ఒకే వరసలోకి వచ్చేదాకా పడవను జరుపుకుంటాడు. ఆ వరస పట్టుకొని నేరుగా వస్తే సొంత ఒడ్డు. వాళ్ళ పల్లెలో వెనక ఆనవాలు అందరికీ గుడి గోపురమే. ముందుది మాత్రం ఎవరిది వాళ్ళది. ఒకరికి తాడిచెట్టు, ఒకరికి వలల షెడ్డు. ఆమె మొగుడికి వాళ్ళ ఇల్లే. పడవకు వేయగా మిగిలిన నీలం రంగును ఇంటికి సముద్రం వైపు గోడకు వేసుకున్నాడు. గోపురం కింద నీలం కనిపిస్తే ఇల్లు వచ్చినట్టు. దారి చూపే మిషన్లు వచ్చాక కూడా ఆయన గోడనే చూసేవాడని చెప్పేటప్పుడు ఆమె మొహంలో కొంచెం గర్వం తొంగిచూసేది.

ఆయన పోయాక సముద్రం ఊరి మీదికి రావడం ఎక్కువైంది. కొబ్బరి తోట పోయింది. రోడ్డు పోయింది, మళ్ళీ వేశారు, మళ్ళీ పోయింది. రాళ్ళు పోస్తే కెరటం ఆ రాళ్ళ పక్కనుంచి తిరిగొచ్చి కొత్త చోట కోయడం మొదలుపెట్టింది. ఆమె ఇంటి వసారా పోయింది, కప్పు పోయింది, పక్క గోడలు కూలాయి. నీలం గోడ ఒక్కటి ఇసుకలో నిలబడి ఉంది.

ఊరి పెద్దలు కూర్చొని, తిరిగిరాని వాళ్ళందరికీ కర్మ చేసేయాలన్నారు. మిగతా ఆడవాళ్ళు ఏడుస్తూ ఒప్పుకున్నారు. ఈమె ఒప్పుకోలేదు. మరిది మధ్యలో పడి ఒక మాట కుదిర్చాడు. గోడ ఉన్నంతవరకు ఆయన ఉన్నట్టే. అంతవరకు ఆమె గాజులు తీయదు, బొట్టు చెరపదు. గోడ పడిన రోజు మాత్రం పెద్దల మాట వినాలి. గోడ ఎన్నాళ్ళో నిలవదని పెద్దలకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా ఒప్పుకొని, గోడను మరిదికి అప్పగించి, కూలీల గుంపుతో ఇటు వచ్చేసింది.

అమావాస్యకూ పున్నమికీ సముద్రం పోటెత్తుతుంది. ఆ రోజుల్లో మరిది ఫోను వచ్చేదాకా ఆమె పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. ఫోను వస్తే స్పీకరు పెట్టేది, చేతులు చేప చేతులు కదా. అవతల గాలి హోరు. ఆ హోరులోంచి "ఉంది వదినా" అనేవాడు. అంతే, పెట్టేసేవాడు. ఆమె లేచి చేతులు కడుక్కొని పళ్ళెంలో అన్నం వడ్డించుకునేది.

నాది ఊరుకునే నోరు కాదు. "గోడతోని కాపురమేంది చెల్లే?" అని ఒకరోజు అనేశాను. ఆమెకు కోపం రాలేదు.

"మనిషితో చేసినా అంతే కదండి అక్కా. ఆళ్ళు మాత్రం పలుకుతారా ఏంటి?" అంది.

మా అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. నాకు మా ఆయన గుర్తొచ్చి నేనూ నవ్వాను. కానీ అప్పటినుంచి క్యాలెండర్లో అమావాస్య ఎప్పుడో నేనే చూసుకునేదాన్ని. ఆ రోజు ఆమెకు బరువు పని చెప్పేదాన్ని కాదు. మా అత్తమ్మ, ఒంట్లో బాగాలేని చుట్టాన్ని అడిగినట్టు, గోడ ఎట్లుందట అని అడిగేది. మా ఆయన బస్సు పెట్టి వచ్చి చెప్పులు విడుస్తూ అదే అడిగేవాడు. మాలో ఎవరమూ చూడని ఆ గోడ మా ఇంట్లో ఒక మనిషైపోయింది. నేను సినిమాల్లో తప్ప సముద్రం చూసి ఎరగను. అయినా రేకుల మీద వాన పడుతుంటే అది కెరటంలాగా వినిపించేది. లేచి కూర్చుంటే వానే. పక్కన మా ఆయన గురక.

ఆమెకు నా దుకాణంలో రెండే రెండు నచ్చేవి కావు. ఒకటి, ఐసు పెట్టెల్లో వచ్చే సముద్రపు చేపల్లో చిన్నవి కొనడం. ధర తక్కువని నేను అరచేతి పొడుగు వంజరాలు తెస్తే కత్తిపీట దగ్గరికి జరిగేది కాదు. ఇవి ఇంకా గుడ్డు పెట్టని పిల్లలండి, వీటిని తినేస్తే రేపు ఏం తింటారండి అని నా మీద విసుక్కునేది. దుకాణం నీదా నాదా అని నేనూ అరిచేదాన్ని. చివరికి ఆ చేపలు నేనే కోసుకునేదాన్ని, ముళ్ళు గుచ్చుకొని తిట్టుకుంటూ.

రెండోది కవర్లు. కర్రీ పాయింట్ అంటేనే కవర్లు. పప్పుకొక కవరు, సాంబారుకొక కవరు, పెరుగుకొక కవరు, అన్నీ కలిపి ఇంకో పెద్ద కవరు. మూతి ముడి వేయడంలో నా అంత చురుకు బస్టాండు చుట్టుపక్కల ఎవరికీ లేదు. తిని పారేసిన కవరు మోరీలో పడుతుంది, మోరీ చెరువులో కలుస్తుంది, చెరువు నిండితే వాగులోకి, వాగు ఏదో నదిలోకి, నది సముద్రంలోకి అని ఆమె లెక్క. వాళ్ళ వలల్లో ఒక్కోసారి చేపలకంటే ఇవే ఎక్కువ వచ్చేవట. తాబేళ్ళు వీటిని తినే వస్తువనుకొని మింగి ఒడ్డున చచ్చి పడేవట. ముందు మా చెరువు నిండనీ చెల్లే, అని నేను కొట్టిపారేసేదాన్ని. మా పెద్ద చెరువు నిండడం నేను కాపురానికి వచ్చాక చూసింది లేదు. నీళ్ళు వచ్చే కాలవలు కొన్ని ప్లాట్ల కింద పోయాయి. చెరువు నేలలో పోరగాళ్ళు క్రికెట్ ఆడిన ఎండాకాలాలున్నాయి. నీళ్ళే లేని చెరువు నుంచి నా సాంబారు కవరు సముద్రానికి ఎట్లా పోతుంది? అయినా ఆమె పోరు పడలేక, డబ్బా తెచ్చుకుంటే కూర ఎక్కువ వేస్తామని ఒక అట్ట మీద రాసి తగిలించాను. నలుగురు తెచ్చారు. మిగతావాళ్ళు మూతి తిప్పుకొని పక్క దుకాణానికి పోయారు. అట్ట ఇప్పటికీ ఉంది, కవర్లూ ఉన్నాయి.

ఆమె వచ్చాక ఒక ఏడు వానల తీరే వేరయింది. బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో చెప్పగానే ఆమె పీట లాక్కొని దాని ముందు కూర్చుంది. మాకు వాయుగుండం అంటే రేకులు కారడం, గిరాకీ తగ్గడం, ఉతికిన బట్టలు ఆరకపోవడం. తెర మీద తెల్లగా తిరిగే ఆ సుడిని ఆమె ఎట్లా చూసిందో నేను చెప్పలేను. దవాఖానలో లోపలి మనిషి కోసం బయట కూర్చున్నవాళ్ళు ఆ తలుపును చూస్తారు, అట్లా చూసింది. అమావాస్య కాదు, పున్నమి కాదు, అయినా అన్నం ముట్టలేదు. మరిదికి ఫోను చేస్తే కలవలేదు. అక్కడ కరెంటు పోయి ఉంటుంది, టవర్లు పనిచేయవు అని మా ఆయన సముదాయించాడు.

వాన పట్టింది పట్టినట్టే కురిసింది. వీధిలో మోకాలి లోతు పారింది. ఆ తర్వాత ఊరంతా ఒకటే కబురు. చెరువు నిండింది, అలుగు దూకుతోంది. ముసలివాళ్ళు ఏడ్చారు. కుర్రకారు ఎల్బీ నగర్ నుంచి కూడా ఆటోల్లో దిగి ఫోటోలు తీసుకున్నారు. కట్ట మీద మక్క కంకులు కాల్చే బండ్లు వెలిశాయి. నేనూ చూసి వచ్చాను. అంత నీటిని నేను ఒక్కచోట ఎన్నడూ చూడలేదు. సంతోషంతో ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే, ఈ వాన ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తొచ్చింది. మాకు చెరువు నింపిన సుడే ఆమె ఒడ్డు మీదుగా వచ్చింది. ఆ ఆలోచన వచ్చాక నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

చెరువు అలుగు దూకితే ముత్తైదువలు పోయి గంగమ్మకు పసుపు, కుంకుమ, గాజులు, రవిక గుడ్డ నీళ్ళలో వదలాలి. మా అత్తమ్మ కొత్త కోడలిగా ఉన్నప్పుడు చేసిందట. మళ్ళీ ఆ భాగ్యం ఇప్పుడు. ఆవిడ రెండు పళ్ళేలు సర్దింది, ఒకటి నాకు, ఒకటి ఆమెకు.

"నువ్ సుత ముత్తైదువవే గద బిడ్డా. గంగమ్మకు పెట్టకుంటే ఎట్ల?" అంది.

ఆమె పళ్ళెంలోని ఆకుపచ్చ గాజులను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. అత్తమ్మ అటు పోయాక నాతో చెప్పింది. వాళ్ళ పల్లెలో ఆడది గంగకు పసుపు కుంకుమలూ గాజులూ ఇచ్చేది జన్మలో ఒకే ఒక్కసారి. మొగుడు ఇక రాడని ఒప్పుకున్న రోజు. ఆ రోజు నీళ్ళలో నిలబడి ఉన్నవన్నీ వదిలేసి, బోసి చేతులతో ఒడ్డెక్కుతుంది. మాకు పండగైనది వాళ్ళకు అదీ. అత్తమ్మకు చెబితే ఆవిడ రెండో పళ్ళెం తీసి దేవుడి గూట్లో పెట్టేసింది. ఆ తర్వాత, ఒట్టిగ వచ్చి నిలబడమను, చాలు, అంది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరబోతుంటే ఆమె ఫోను మోగింది. ఎవరి ఫోనో చూసుకుంది. ఎత్తకుండా నా చేతిలో పెట్టింది.

మరిదే. గాలి హోరు లేదు, మాట స్పష్టంగా వినిపించింది. వానకు ముందు రాత్రే గోడ పోయిందట, చెప్పడానికి ఫోన్లు కలవలేదట. పెద్దలు కర్మకు రోజు పెట్టారు, వదినను పంపండి, రాలేకపోతే అక్కడే నీళ్ళున్న చోట జరగాల్సింది జరిపించండి, మాట ఇచ్చింది కదా, అన్నాడు. మంచివాడే. నేను ఊఁ కొడుతూ ఆమె వైపు చూడకుండా గోడ వైపు చూస్తున్నాను, మా ఇంటి గోడ.

"ఏ పక్కకి పడిందో అడగండి అక్కా" అంది ఆమె వెనకనుంచి.

అడిగాను. సముద్రంలోకే పడిందని చెప్పాడు. నేను ఫోను పెట్టి అదే చెప్పాను.

"అయితే ఆయన కాడికే ఎళ్ళిందండి" అంది. ఏడవలేదు. అత్తమ్మ దేవుడి గూట్లో పక్కన పెట్టేసిన రెండో పళ్ళెం తానే తీసుకుంది.

మేం ముగ్గురం చెరువు కట్ట మీదుగా నడిచి అలుగు దగ్గరికి పోయాం. ఆమె చేతులకున్న గాజులను చూస్తూ నడిచాను. నాలుగు గంటల తర్వాత మళ్ళీ వంటింట్లో ఆ చేతులు ఎట్లా ఉంటాయో అనుకున్నాను. ఆపాలనిపించింది. ఏమని ఆపను? గోడ ఉందని అబద్ధం చెప్పేదా?

అలుగు దగ్గర వీధి ఆడవాళ్ళంతా ఉన్నారు. బంతిపూలు, కుంకుమ, రవిక గుడ్డలు నీళ్ళ మీద తిరుగుతున్నాయి. వాటి మధ్యలో కవర్లు. మూతి ముడి వేసినవి కూడా ఉన్నాయి. ఆ ముడి ఎవరిదో నాకు తెలుసు. ఆమె వంగి, అందినన్ని కవర్లు ఏరి కట్ట మీద పడేసింది. ఆ తర్వాతే మెట్టు దిగింది. నీళ్ళు పాదాల మీదుగా పారుతున్నాయి.

ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయని అత్తమ్మను అడిగింది.

"వాగుల పడి మూసీల కలుస్తయ్. మూసీ కృష్ణల కలుస్తది. ఇగ ఆడికెల్లి సముద్రమే గద" అంది అత్తమ్మ.

ఆమె తల ఊపింది. పళ్ళెంలోని పసుపు, కుంకుమ, ఆకుపచ్చ గాజులు నీళ్ళలో వదిలింది. అందరం ఆమె చేతుల వైపే చూస్తున్నాం. ఆ చేతులు తన గాజుల మీదికి పోలేదు. రెండూ నోటి చుట్టూ పెట్టుకుంది, దూరంగా ఉన్న పడవను పిలిచేటప్పుడు పెట్టుకున్నట్టు.

"ఏవండీ, నేను ఇక్కడున్నానండి. గోడ కోసం చూడకండి, గోడ లేదు. గుడి కోసం చూడకండి. ఇబ్రహీంపట్నం అని అడగండి. ఐదరాబాదులో రైలు దిగి ఎల్బీ నగరు రండి. అక్కడ సాగరు రోడ్డెమ్మట వచ్చే ఆటో ఎక్కండి. తుర్కయాంజాలులో దిగిపోకండి, ఇంకా రావాలి. బస్టాండు ఎనకాల ఈదండి, కర్రీ పాయింటు."

పళ్ళేలు పట్టుకున్న ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడ్డారు. ఒక్కరు నవ్వలేదు. నేను ఏడుస్తున్నానని నాకు ముక్కు కారితే గానీ తెలియలేదు. అప్పుడు మా అత్తమ్మ మెట్టు దిగి ఆమె పక్కన నిలబడింది.

"గట్ల జెప్తే దొరకదు బిడ్డా. బస్టాండు ఎనుక మస్తు కర్రీ పాయింట్లున్నయ్. ముందల కానుగ చెట్టు, దాని ఎనుక రేకుల షెడ్డు అని చెప్పు" అంది.

ఆమె అత్తమ్మ వైపు చూసింది. మళ్ళీ నీళ్ళ వైపు తిరిగింది.

"ముందు కానుగ చెట్టండి, ఎనకాల రేకుల షెడ్డు. ఆ రెండూ ఒక వరసలోకి తెచ్చుకొని వచ్చేయండి."

వాళ్ళ పల్లెలో పెద్దలు ఆమె లేకుండానే కర్మ చేశారు. మాట తప్పిందని కోపం తెచ్చుకున్నారట, మరిది కూడా కొన్నాళ్ళు ఫోను చేయలేదు. ఆళ్ళ లెక్కకి ఆయన లేరండి, ఆళ్ళు చేసుకున్నది ఆళ్ళకి సరే, అని ఆమె ఊరుకుంది. గాజులు ఉన్నాయి, బొట్టు ఉంది. అమావాస్యలకు ఇప్పుడు వేళకు తింటుంది. విమానం తిరిగినా కత్తిపీట మీంచి లేవడం లేదు. రాత్రుళ్ళు హాయిగా నిద్రపోతుందని మా అత్తమ్మ చెబుతుంది, ఇద్దరూ ఒకే గదిలో పడుకుంటారు కాబట్టి ఆవిడకు తెలుసు.

నిద్ర పట్టనిది నాకు. దారి చెప్పింది నా ఇంటికి మరి. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఎవరో ఒక మగమనిషి కానుగ చెట్టు నీడ దాటి వచ్చి దుకాణం ముందు నిలబడతాడు. కంపెనీ బస్సు డ్రైవరో, కూలీవాడో, దారిన పోయేవాడో. గిన్నె మూత తీసిన చప్పుడు విని, లోపల చేప కోస్తూ చూపు ఎటో పెట్టుకొని ఆమె అడుగుతుంది.

"ఎవరండి అక్కా?"

గిరాకే చెల్లే, అని చెబుతాను. చెప్పే ముందు మాత్రం, కౌంటరు మీంచి కొంచెం వంగి ఆ మనిషి కాళ్ళ వైపు చూస్తాను, తడిగా ఉన్నాయేమోనని.